ఐసొలేషన్ గదిలో గాలి ఎటు పోతోందో చూసుకోవడం ఎలా

ఐసొలేషన్ గది చేయాల్సిన పనులు రెండే. లోపలి గాలి కారిడార్‌లోకి రాకూడదు, లోపల ఉన్న గాలి త్వరత్వరగా మారిపోతూ ఉండాలి. మొదటిది ప్రెషర్ సంగతి, రెండోది వెంటిలేషన్ సంగతి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టే అనుకోవడం వల్ల చాలా గదులు పేరుకే ఐసొలేషన్ గదులుగా మిగిలిపోతున్నాయి.

20, 30 పడకల నర్సింగ్ హోమ్ నడిపేవాళ్ల కోసం, ఆసుపత్రుల్లో ఏసీ, కరెంటు పనులు చూసేవాళ్ల కోసం, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికైతే కన్సల్టెంట్లు ఉంటారు. చిన్న ఊరి ఆసుపత్రికి చెప్పేవాళ్లు ఉండరు, కానీ దగ్గుతూ వచ్చే టీబీ రోగి, తట్టు వచ్చిన పిల్లాడు, ఆటలమ్మ పోసిన గర్భిణి ముందు వచ్చేది అక్కడికే.

ముందు ఏసీ విషయం తేల్చుకుందాం. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలిని బయటికి పంపదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. కిటికీలు మూసేసి స్ప్లిట్ ఏసీ వేసిన గదిలో టీబీ రోగి దగ్గితే ఆ గాలి అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది, తలుపు తెరిచినప్పుడల్లా కొంత కారిడార్‌లోకి వస్తుంది. ఇలాంటి గది మామూలు వార్డు కంటే ప్రమాదం. వార్డులో కనీసం కిటికీలైనా తెరిచి ఉంటాయి.

దగ్గినప్పుడు పడే పెద్ద తుంపరలు కిందికి రాలిపోతాయి. సన్నవి తడి ఆరిపోయి, 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు కణాలుగా మిగిలి, గంటల తరబడి గాలిలోనే తేలుతాయి. తట్టు వైరస్ అయితే రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా 2 గంటల దాకా గాలిలో ఉండగలదు. టీబీ గాలి ద్వారానే అంటుకుంటుందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. 1950ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వెల్స్, రైలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టీబీ వార్డు నుంచి లాగిన గాలిని గినీ పిగ్స్ ఉన్న గదిలోకి పంపి చూశారు. వాటికి టీబీ వచ్చింది. అదే గాలిని అల్ట్రావయొలెట్ కాంతి తగిలేలా పంపితే రాలేదు.

దారి తప్పిన గాలి ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ జర్మనీలోని మెషెడె ఆసుపత్రి. 1970 జనవరిలో పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చిన ఒక యువకుడిని అక్కడ విడి గదిలో ఉంచారు, తర్వాత అది మశూచి అని తేలింది. అతను గది దాటి బయటికి రాలేదు. అయినా పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకి, అతని ముఖం కూడా చూడనివాళ్లకి, జబ్బు వచ్చింది. పని మీద వచ్చి ఆసుపత్రిలో కాసేపే ఉండి వెళ్లిన మనిషికి కూడా వచ్చింది. ఆ తర్వాత అదే గదిలో పొగ వదిలి చూస్తే, పొగ తలుపు సందుల్లోంచి మెట్ల దారి పట్టి పైకి వెళ్లింది, సగం తెరిచిన కిటికీలోంచి బయటి గోడ వెంట పాకి పై అంతస్తు కిటికీల్లోకి దూరింది. విడి గది ఉంది, తలుపు ఉంది, గాలికి మాత్రం ఎటు పోవాలో ఎవరూ దారి పెట్టలేదు.

ఆ దారి పెట్టడమే నెగటివ్ ప్రెషర్. గదిలోకి వచ్చే గాలి కంటే బయటికి లాగేసే గాలి ఎక్కువ ఉంటే, ఆ లోటు తీరడానికి ప్రతి సందులోంచీ గాలి లోపలికే వస్తుంది, లోపలిది బయటికి రాలేదు. అమెరికా ప్రమాణాల్లో, వాటిని చూసి మన దగ్గర పెట్టుకున్న చాలా స్పెసిఫికేషన్లలో గదికి, కారిడార్‌కి మధ్య ఉండాల్సిన కనీస ప్రెషర్ తేడా 2.5 పాస్కల్ (పాస్కల్ అంటే ప్రెషర్‌ని కొలిచే యూనిట్). గంటకి 12 సార్లు గది గాలి మారాలి, అందులో కనీసం 2 సార్లకి సరిపడా బయటి తాజా గాలి ఉండాలి. పాత గదులైతే గంటకి 6 సార్లు ఉన్నా ఒప్పుకుంటారు, కొత్తగా కట్టేదైతే 12 కంటే తగ్గించకండి.

2.5 పాస్కల్ అంటే చాలా చిన్న తేడా. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో 40 వేలో వంతు. నీళ్ల ట్యూబులో కొలిస్తే పావు మిల్లీమీటరు ఎత్తు. అందుకే దాన్ని సాధించడం కష్టం కాదు, పోగొట్టుకోవడం అంతకంటే తేలిక. పక్క గది ఎగ్జాస్ట్ వేసినా, కారిడార్ చివర కిటికీ తెరిచినా, బయట ఈదురుగాలి కొట్టినా అంతటి తేడా తారుమారవుతుంది.

గదిని తయారుచేయడం

కారిడార్ చివర ఉన్న గదిని ఎంచుకోండి, బయటి గోడ ఉన్నది, అటాచ్డ్ బాత్రూమ్ ఉన్నది. జనం తిరిగే దారిలో ఉన్న గది వద్దు.

ముందు ఫాల్స్ సీలింగ్ పైకి ఎక్కి చూడండి. మన దగ్గర గదుల మధ్య గోడలు చాలాచోట్ల ఫాల్స్ సీలింగ్ దాకానే లేపి ఆపేస్తారు, పైన అన్ని గదులకీ ఒకటే ఖాళీ. అలాంటి చోట ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా టైల్స్ సందుల్లోంచి పక్క గది గాలి వచ్చిపడుతుంది తప్ప తలుపు దగ్గర ప్రెషర్ నిలబడదు. ఫ్యాన్ ఆగిన రోజు ఇక్కడి గాలి పక్క గదిలోకి పోతుంది. గోడని స్లాబు దాకా కట్టించాలి, లేదంటే టైల్స్ తీసేసి జిప్సమ్ బోర్డు కొట్టించి సందులన్నీ మూయించాలి. ఆక్సిజన్ పైపు గోడలోంచి వచ్చే రంధ్రం, ఏసీ కాపర్ పైపు రంధ్రం, స్విచ్‌బోర్డు వెనక వైర్లు వచ్చే పైపులు (కండ్యూట్లు), లైట్ల చుట్టూ ఉండే ఖాళీలు, కిటికీ ఫ్రేము అంచులు, అన్నిటికీ సిలికాన్ సీలెంట్ పట్టించండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదొక్కటే అంటాను. ఫ్యాన్ కొనడానికి పరిగెత్తేముందు ఇది చేయండి.

ఇప్పుడు లెక్క. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గది అనుకుందాం. 1,200 ఘనపు అడుగులు. గంటకి 12 సార్లు మారాలంటే 14,400, నిమిషానికైతే 240 ఘనపు అడుగులు, అంటే 240 సీఎఫ్ఎమ్. ఎగ్జాస్ట్ అంత లాగాలి.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి ఫ్యాన్ కొనేస్తారు, కానీ అసలు ప్రశ్న ఆ 240 ఎక్కడినుంచి లోపలికి వస్తుందన్నది. 2.5 పాస్కల్ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు అడుగు సందులోంచి దాదాపు 261 సీఎఫ్ఎమ్ గాలి వస్తుంది. 240ని 261తో భాగిస్తే 0.92. అంటే డక్టు ద్వారా తాజా గాలి ఇవ్వకుండా, తలుపు సందు, తలుపుకి పెట్టిన జాలీ, మిగతా చిన్నాచితకా సందులు అన్నీ కలిపి 0.92 చదరపు అడుగు దాటితే, 240 లాగే ఫ్యాన్‌తో మీకు 2.5 పాస్కల్ రాదు. దానికి తలకిందులైన తప్పు కూడా చూశాను. సందులన్నీ బిగించేసి, తలుపు కింద అర అంగుళం ఖాళీ మాత్రమే వదిలారు. 3 అడుగుల తలుపుకి అది 0.125 చదరపు అడుగు. అందులోంచి 240 రావాలంటే 130 పాస్కల్స్ పైన తేడా కావాలి, గోడకి బిగించే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ పని చేయలేదు. రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, చప్పుడు వస్తూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. ప్రెషర్ తేడా చూపించే గేజ్ మీద నెగటివ్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, లోపల గాలి మాత్రం గంటకి రెండు మూడు సార్లు కూడా మారదు. ప్రెషర్, వెంటిలేషన్ వేరువేరు అని మొదట్లోనే అన్నది అందుకే.

కాబట్టి తలుపు కింది భాగంలో అర చదరపు అడుగు దాకా గాలి దూరే జాలీ పెట్టి, తాజా గాలిని ఒక చిన్న డక్టుతో ఇచ్చి, ఎగ్జాస్ట్‌ని దానికంటే ఎక్కువ ఉంచడం మంచి పద్ధతి. ఈ గదికి గంటకి 2 సార్ల తాజా గాలి అంటే 40 సీఎఫ్ఎమ్. మిగిలిన 200 కారిడార్ నుంచి వస్తుంది, మరి ఆ కారిడార్‌కి కూడా బయటి గాలి అందాలి.

ఫ్యాన్ విషయంలో, డక్టు ఉంటే రెక్కల ఫ్యాన్ వద్దు, అడ్డు ఉన్నా గాలిని బలంగా నెట్టే బ్లోయర్ పెట్టండి. హెపా ఫిల్టర్ (అతి సన్నటి కణాలని కూడా పట్టే ఫిల్టర్) కూడా పెట్టాలనుకుంటే మరీ తప్పదు, ఎందుకంటే కొత్త హెపా ఫిల్టరే దాదాపు 250 పాస్కల్స్ అడ్డు పెడుతుంది, దుమ్ము పట్టేకొద్దీ పెరుగుతుంది. బ్లోయర్‌ని డక్టు చివర, డాబా మీద బిగించండి. అప్పుడు భవనం లోపల ఉన్న డక్టు అంతా నెగటివ్‌లో ఉంటుంది, ఎక్కడైనా జాయింటు వదులైనా గాలి డక్టులోకే పోతుంది. గది పక్కనే ఫ్యాన్ పెట్టి అక్కడినుంచి పైకి నెట్టారనుకోండి, అదే వదులు జాయింటులోంచి రోగి గది గాలి మీ ఫాల్స్ సీలింగ్‌లోకి వస్తుంది.

వదిలే చోటు డాబా మట్టానికి 10 అడుగుల పైన ఉండాలి, కిటికీలకి, ఏసీ తాజా గాలి తీసుకునే చోటుకి, జనం నిలబడే చోటుకి కనీసం 25 అడుగుల దూరం ఉండాలి. అంత దూరం దొరక్కపోతే హెపా ఫిల్టర్ తప్పనిసరి. కింద టీ బండి ఉన్న సందులోకి ఎగ్జాస్ట్ వదలడం ఘోరమైన పని, దయచేసి చేయకండి.

లోపల గాలి నడిచే దారి కూడా చూడండి. తాజా గాలి తలుపు వైపు నుంచి వచ్చి, సిస్టర్ నిలబడే చోటు దాటి, రోగి మీదుగా పోయి, రోగి తలవైపు ఎగ్జాస్ట్ గ్రిల్‌లోకి వెళ్లాలి. గాలి వచ్చే గ్రిల్, పోయే గ్రిల్ రెండూ సీలింగ్‌లో పక్కపక్కనే పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మంచం దగ్గర గాలి అలాగే నిలిచిపోతుంది. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ పెట్టి, బాత్రూమ్‌ని గది కంటే కాస్త ఎక్కువ నెగటివ్‌లో ఉంచాలి.

పొగతో చూడడం

కట్టడం అయ్యాక గేజ్ చూసి నమ్మేయకండి. ఒక ఆసుపత్రిలో నర్సింగ్ స్టేషన్ దగ్గర గోడ గేజ్ మైనస్ 8 పాస్కల్స్ చూపిస్తోంది, రోజూ రిజిస్టర్‌లో అదే అంకె రాస్తున్నారు. తలుపు సందు దగ్గర అగరబత్తి పెడితే పొగ కారిడార్ వైపు కొట్టుకొచ్చింది. సీలింగ్ పైకి ఎక్కి చూస్తే గేజ్ నుంచి గదిలోకి వెళ్లే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ఊడిపోయి పైన వేలాడుతోంది. కారిడార్ ఏహెచ్‌యూ (గాలిని లాగి, చల్లబరిచి, డక్టుల్లో పంపే పెద్ద ఏసీ యూనిట్) తనకి తిరిగొచ్చే గాలిని ఆ ఫాల్స్ సీలింగ్ పైనుంచే లాగుతుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ నెగటివే. గేజ్ అబద్ధం చెప్పలేదు, వేరే చోటి సంగతి చెప్పింది. రోగి గదిలో ఏం జరుగుతోందో ఎన్నాళ్లుగా ఎవరికీ తెలియదు.

అందుకని రోజూ, రోగి ఉన్నన్ని రోజులూ, ఒకసారి పొగతో చూడాలి. గది ఖాళీగా ఉంటే నెలకోసారి చాలు. తలుపు పూర్తిగా మూసి, ఏసీ, బాత్రూమ్ ఫ్యాన్, ఎగ్జాస్ట్ అన్నీ రోజూ ఎలా నడుస్తాయో అలాగే ఉంచి, కారిడార్‌లో నిలబడి, వెలిగించిన అగరబత్తిని తలుపు కింది సందుకి రెండు అంగుళాల దూరంలో పట్టుకోండి. కదలకండి, గట్టిగా ఊపిరి వదలకండి. పొగ నిలకడగా లోపలికి లాగబడితే సరే. నిటారుగా పైకి లేస్తే ప్రెషర్ లేనట్టు. మీవైపు వస్తే అప్పటికప్పుడు రోగిని మార్చే ఏర్పాటు చూడాలి. గదిలో ఆక్సిజన్ నడుస్తుంటే అగరబత్తి, నిప్పు ఏదీ వద్దు. చేతికి శానిటైజర్ రాసుకున్న వెంటనే కూడా వద్దు. అలాంటప్పుడు అంగుళం వెడల్పు సన్నటి టిష్యూ ముక్కని సందు దగ్గర వేలాడదీసి అది ఎటు వాలుతోందో చూడండి. స్మోక్ డిటెక్టర్ ఉన్న కారిడార్ అయితే ముందు సెక్యూరిటీకి చెప్పండి.

పైన, కింద రెండుచోట్లా చూడాలి. చల్లటి గాలి బరువు. ఏసీ గది చల్లగా, కారిడార్ వేడిగా ఉంటే చల్లటి గాలి తలుపు కిందినుంచి బయటికి జారాలని చూస్తుంది, వేడి గాలి పైనుంచి లోపలికి వస్తుంది. తలుపు ఎత్తులో ఈ తేడా అర పాస్కల్ దాకా ఉంటుంది. మీ గదికి 2.5 ఉంటే దీన్ని లెక్కచేయక్కర్లేదు, కానీ బొటాబొటిగా ఉన్న గదిలో పై సందులో పొగ లోపలికి పోతూ, కింది సందులో బయటికి వస్తుంది. ఒక్క పైన మాత్రమే చూసి ఓకే రాసేశారంటే మోసపోయినట్టే.

గాలి ఎన్నిసార్లు మారుతోందో తెలుసుకోవాలంటే గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ కావాలి, ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరుకుతుంది. ఎగ్జాస్ట్ గ్రిల్ మీద తొమ్మిది చోట్ల వేగం కొలిచి సగటు తీయండి. మీటరు సెకనుకి మీటర్లలో చూపిస్తే 197తో గుణిస్తే నిమిషానికి అడుగులు వస్తాయి. దాన్ని గ్రిల్‌లో గాలి దూరే ఖాళీ ఎన్ని చదరపు అడుగులో దానితో గుణిస్తే సీఎఫ్ఎమ్, 60తో గుణించి గది ఘనపరిమాణంతో భాగిస్తే గంటకి ఎన్నిసార్లో వస్తుంది. పేపరు మీద రాసి రిజిస్టర్‌లో అతికించండి.

తలుపు, మనుషులు

తలుపు తెరిచిన క్షణంలో ప్రెషర్ తేడా సున్నా. అది ఎంత మంచి గదైనా అంతే. మనిషి నడిచి బయటికి వస్తే వెనకాల కొంత గాలి కూడా లాక్కొస్తాడు. అందుకే చోటుంటే గదికి ముందు చిన్న గది, రెండు తలుపులు, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలన్న నియమం. చోటు లేకపోతే కనీసం డోర్ క్లోజర్ పెట్టండి, అది పనిచేస్తోందో లేదో చూస్తూ ఉండండి. మన ఆసుపత్రుల్లో రోగి వెంట వచ్చినవాళ్లు గాలాడట్లేదని తలుపు కింద చెప్పు అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు. వాళ్లని కసురుకుని లాభం లేదు. అడ్మిషన్ రోజే కూర్చోబెట్టి, ఈ తలుపు మూసి ఉంటే మీ ఊరి నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లకి, పక్క గదిలో పసిబిడ్డకి జబ్బు రాదు అని చెబితే అర్థం చేసుకుంటారు. తలుపు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి.

నెగటివ్ ప్రెషర్ కాపాడేది కారిడార్‌ని. లోపలికి వెళ్లే సిస్టర్‌ని కాదు. ఆవిడకి ఎన్95 మాస్కు ఉండాల్సిందే.

రోగి వెళ్లిపోయాక ఎంతసేపు ఆగాలన్నది కూడా గాలి మార్పిడి మీదే ఆధారపడుతుంది. గాలిలో ఉన్న కణాల్లో 99.9 శాతం పోవడానికి గంటకి 12 సార్లు మారే గదిలో 35 నిమిషాలు పడుతుంది, 6 సార్లయితే 69, 4 సార్లయితే 104, 2 సార్లయితే 207 నిమిషాలు. గాలి గదంతా చక్కగా కలుస్తుందనుకుని వేసిన లెక్క ఇది, మూలల్లో గాలి నిలిచే గదికి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా తలుపు మూసి ఫ్యాన్ నడపండి, క్లీనింగ్ చేసే అమ్మాయిని మాస్కు లేకుండా లోపలికి పంపకండి.

బోన్ మ్యారో మార్పిడి చేయించుకున్న రోగులకి కావాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. హెపా ఫిల్టర్‌లోంచి వచ్చిన గాలిని ఎక్కువగా నింపి, గదిని పాజిటివ్‌లో ఉంచి, బయటి గాలి లోపలికి రాకుండా చేస్తారు. ఒకే గదికి స్విచ్ పెట్టి ఇటూ అటూ మార్చుకునే ఏర్పాటు ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. పొరపాటున టీబీ రోగి ఉండగా స్విచ్ పాజిటివ్ వైపు ఉండిపోతే ఆ గది కారిడార్‌లోకి క్రిములు ఊదే యంత్రమవుతుంది.

ఇంత ఖర్చు పెట్టలేని చోట ఎదురెదురు కిటికీలున్న గది వెతకండి. పెరూలోని లిమా ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకి 28 సార్లు మారిందని తేలింది, ఎత్తైన సీలింగ్, పెద్ద కిటికీలున్న పాతకాలం కట్టడాల్లో 40 దాకా వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం లాంటివి ఊరికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టింది కూడా మందులు లేని రోజుల్లో గాలినే నమ్ముకుని. కిటికీ గదిలో గాలి ఎటు పోవాలో మన చేతిలో ఉండదు, అదొక్కటే ఇబ్బంది. అందుకే కారిడార్ వైపు తలుపు మూసి, బయటివైపు కిటికీలు తెరిచి, గాలివాలుకి చివర ఉన్న గదిని వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి గదులకి ఒక్కో రోగికి సెకనుకి 160 లీటర్ల గాలి ఉండాలంటుంది.

చివరగా మే నెల సంగతి. 42 డిగ్రీల బయటి గాలిని 240 సీఎఫ్ఎమ్ చొప్పున లోపలికి లాగితే ఆ గాలిని చల్లబరచడానికే ఏసీ మీద అర టన్ను పైన భారం పడుతుంది. గది చల్లబడట్లేదని రాత్రి డ్యూటీలో ఎవరో ఎగ్జాస్ట్ ఆపేస్తారు. ఏసీని మొదట్లోనే ఆ భారం కలిపి తీసుకోండి, ఎగ్జాస్ట్ స్విచ్‌ని గదిలో పెట్టకండి. ఫ్యాన్ జనరేటర్ లైను మీద ఉందా, కరెంటు పోయి వచ్చాక దానంతట అది మళ్లీ తిరుగుతుందా అన్నది మెయిన్ ఆపి ఒకసారి చూడండి. తాజా గాలి డక్టుకి ఫ్యాన్ ఉంటే, ఎగ్జాస్ట్ ఆగిన వెంటనే అది కూడా ఆగేలా ఇంటర్‌లాక్ వైరింగ్ చేయించండి, లేదంటే ఎగ్జాస్ట్ కాలిపోయిన రాత్రి ఆ ఫ్యాన్ ఒక్కటే నడుస్తూ గది గాలినంతా తలుపు సందులోంచి కారిడార్‌లోకి నెడుతుంది.